రాత్రి 11 గంటలకు మా ఇల్లు పెనంలా ఎందుకు కాలుతోంది?

మూడో_అంతస్తు
విజయవాడలో అద్దె ఇల్లు, మూడంతస్తుల భవనంలో అన్నిటికన్నా పైది. సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి వస్తే ఇల్లు వేడిగానే ఉంటుంది కానీ భరించవచ్చు. అసలు బాధ రాత్రి పది దాటాక. ఆ వేళకి బయట గాలి చల్లబడుతుంది, డాబా మీద నిలబడితే హాయిగా ఉంటుంది. మెట్లు దిగి ఇంట్లోకి వస్తే పెనం మీద అడుగు పెట్టినట్టే. సూర్యుడు పోయి ఐదు గంటలయింది కదా, ఈ వేడంతా ఎక్కడి నుంచి వస్తోంది? ఏసీ ఒక గదిలోనే ఉంది. రెండో గదిలో అమ్మ పడుకుంటుంది, ఆవిడకి ఏసీ పడదు. డాబాకి రంగు వేయాలా, నీళ్లు పోయాలా, లోపల థర్మోకోల్ కొట్టించాలా? ఇంటి యజమానిని అడిగితే "వేసవి కదండీ" అన్నారు.

ఉక్కపోత
వేసవి కదండీ.

తాపీ_పని
స్లాబు. ఇంకేమీ కాదు. 5 అంగుళాల కాంక్రీటు, పైన వానకి నల్లబడిన గచ్చు. మే నెల మధ్యాహ్నం ఆ గచ్చు మీద వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పగలంతా తాగింది రాత్రి కక్కుతుంది. నేను సైటు మీద ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, పై అంతస్తు వాళ్లందరిదీ ఇదే గోల.

తెల్లరంగు
మా దుకాణంలో వేడిని తిప్పికొట్టే తెల్ల పూత ఉంది. రెండు పూతలు వేస్తే 15 డిగ్రీలు తగ్గుతుంది. వివరాలకు విడిగా సందేశం పెట్టండి.

ఉక్కపోత
రెండు పూతలకి 15 అయితే నాలుగు పూతలకి 30. ఆరు పూతలు వేస్తే బెజవాడలో మంచు కురుస్తుంది. మూడో_అంతస్తు గారూ, ముందు స్వెటర్లు కొనుక్కోండి.

లెక్కతేలాలి
@తెల్లరంగు 15 డిగ్రీలు తగ్గేది ఎక్కడ? డాబా పైన తాకితే తగ్గుతుంది, అది నిజమే. కింద గదిలో గాలి అంత తగ్గదు, రెండు మూడు డిగ్రీలు తగ్గితే గొప్ప. మీ పూత పనికిరాదని నేను అనడం లేదు, అంకె ఎక్కడిదో చెప్పకుండా అమ్మడం బాగాలేదు.

తెల్లరంగు
గదిలో 15 అని నేను ఎక్కడా అనలేదు.

లెక్కతేలాలి
అనలేదు. కొనేవాళ్లు అలాగే అనుకుంటారని తెలుసు.

గూనపెంకు
మాది కోనసీమ. అమ్మమ్మ గారిది గూన పెంకుల ఇల్లు. పెంకుల కింద వెదురు, దాని కింద మనిషి వంగి నడిచేంత అటక. అటక మీద కొబ్బరికాయలు, పాత గంగాళాలు, మా తాతయ్య పారేయనివ్వని ప్రతి వస్తువూ. మిట్టమధ్యాహ్నం కాయలు దించమని నన్ను ఎక్కించేవారు. పైన కొలిమిలా ఉండేది, ఒళ్లంతా చెమట. కిందికి దిగితే మామూలుగా ఉండేది. ఆ అటకే గొడుగని ఇప్పుడు తెలుస్తోంది. స్లాబు వేసి అటక తీసేశారు, అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ మధ్యాహ్నం నిద్రపోలేదు.

సీమమిద్దె
మాకు అటక లేదు, ఆ అవసరమూ లేదు. మట్టి మిద్దె, గోడలు రెండడుగుల మందం, పైన కట్టెలు పరిచి జానెడు చౌడు మట్టి. బయట 43 ఉన్నా లోపల దుప్పటి కప్పుకోవచ్చు.

ఉక్కపోత
దుప్పటి అన్నమాట కొంచెం ఎక్కువైంది.

సీమమిద్దె
మా నాయన కప్పుకునేవాడు. దోమలకి అనుకోండి.

చాక్‌పీసు
ముప్పై మూడేళ్లు భౌతికశాస్త్రం చెప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ఉష్ణవహనం (ఆనుకున్న వస్తువులోంచి వేడి పాకడం), ఉష్ణసంవహనం (కదిలే గాలి, నీరు వేడిని మోసుకుపోవడం), ఉష్ణవికిరణం (ఖాళీలోంచి కిరణాలుగా వేడి రావడం) అని మీరందరూ బట్టీ పట్టి పరీక్ష రాసి మరిచిపోయినవే ఇవి. గూనపెంకు గారి అటకలో ఒక కిటుకు ఉంది, చూడండి. వేడిని ఆపింది పెంకు కాదు, వెదురు కాదు, మధ్యలో ఉన్న గాలి. ఒక మీటరు మందం ఉన్న పదార్థానికి రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉంటే, ఒక చదరపు మీటరులోంచి ఎంత వేడి దాటుతుందో కొలిచే లెక్క ఒకటి ఉంది. రాగికి అది దాదాపు 400. అల్యూమినియానికి 230 చిల్లర. ఇనుముకి 80. మనం గొప్పగా చెప్పుకునే స్టెయిన్‌లెస్ స్టీలుకి 15 మాత్రమే. కాంక్రీటు 1.5 దగ్గర. ఇటుక ఒకటి లోపు. నీరు 0.6. కదలని గాలి 0.026. లోకంలో మనకి చవకగా దొరికే బంధకం, అంటే వేడిని ఆపేది, గాలే. దాన్ని కదలకుండా కట్టిపడేయడమే కష్టం. ఉన్ని, దూది, రంపపు పొట్టు, గడ్డి, థర్మోకోల్, ఇవన్నీ గాలిని పట్టుకునే బోనులు. థర్మోకోల్‌లో 98 శాతం గాలే. మీరు దుకాణంలో డబ్బిచ్చి కొనేది గాలిని.

మసిగుడ్డ
మాస్టారూ, స్టీలుకి 15 అన్నారు, టైపు పొరపాటా? నా వంటింట్లో సగం స్టీలే.

చాక్‌పీసు
పొరపాటు కాదమ్మా. లోహాల్లో అది బద్ధకస్థురాలు. పాలు కాచేటప్పుడు అల్యూమినియం గిన్నెలో ఎక్కడ అడుగంటుతాయి, స్టీలు గిన్నెలో ఎక్కడ అడుగంటుతాయి?

మసిగుడ్డ
స్టీలులో మంట తగిలే చోట గుండ్రంగా మచ్చ పడుతుంది. సరిగ్గా బర్నరు ఆకారంలో!

చాక్‌పీసు
అదే. మంట దగ్గర పుట్టిన వేడి పక్కకి పాకడానికి స్టీలు దారివ్వదు, అక్కడే పేరుకుపోయి పాలు మాడుతాయి. అందుకే అడుగున రాగి పూత వేసిన గిన్నెలు వచ్చాయి. రాగి పక్కకి పంచుతుంది, స్టీలు తోముకోవడానికి తేలికగా ఉంటుంది. ఆ స్టీలు బద్ధకమే గరిటె పట్టుకునే చోట మనకి మేలు చేస్తుంది. రాగి గరిటెతో సాంబారు కలిపి చూడండి.

ఉక్కపోత
మా నానమ్మ చెప్పేది, గరిటె అందరికీ పంచాలి కానీ చేయి కాల్చకూడదని. ఆవిడ భౌతికశాస్త్రం చదివిందని ఇప్పుడే తెలిసింది.

మసిగుడ్డ
నా పేరు ఇలా పెట్టుకున్నందుకు ఒక సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో అత్తగారి ముందు కుక్కరు దించబోయి, చేతికి అందిన మసిగుడ్డతో పట్టుకున్నాను. అది అప్పుడే గట్టు తుడిచి పెట్టిన తడి గుడ్డ. ఒక్క క్షణం ఏమీ తెలియలేదు, మరుక్షణం అరచేయి మండిపోయింది. కుక్కరు కింద పడకుండా ఆపాను కానీ బొబ్బలెక్కాయి. మా అత్తగారు "తడి గుడ్డతో పొయ్యి మీదిది పట్టుకుంటారా ఎవరైనా" అని, వెన్న రాయబోయింది. నేను చేయి కొళాయి కింద పెట్టాను. ఎందుకు కాలిందో పదిహేనేళ్ల తర్వాత ఈ రోజు అర్థమైంది. పొడి గుడ్డలో గాలి ఉంది, తడి గుడ్డలో ఆ చోటంతా నీళ్లు ఆక్రమించాయి. అంతేనా మాస్టారూ?

చాక్‌పీసు
అంతే. 0.026 ఎక్కడ, 0.6 ఎక్కడ. ఇరవై రెట్లకు పైగా. వెన్న రాయనివ్వకపోవడం కూడా మంచిపనే, చల్లని నీళ్లే సరైన మందు.

తాపీ_పని
ఈ మసిగుడ్డ సంగతి డాబాకి కూడా వర్తిస్తుంది. స్లాబు మీద ఏదో ఒకటి పరిచి పైన గచ్చు పోయిస్తారు, నీరు దిగకుండా చూసుకోరు. రెండు వానాకాలాలు గడిచేసరికి కింద అంతా తడి మసిగుడ్డే. డబ్బు పోయింది, వేడి పోలేదు.

లెక్కతేలాలి
ఒక లెక్క కట్టాను, నాకే నమ్మబుద్ధి కాలేదు. మాస్టారి అంకెలతోనే. థర్మోకోల్ 0.035, కాంక్రీటు 1.5. భాగిస్తే 43 వస్తుంది. అంటే ఒక అంగుళం థర్మోకోల్ వేడిని ఆపినంత ఆపాలంటే 43 అంగుళాల కాంక్రీటు కావాలి. మూడున్నర అడుగుల స్లాబు! మూడో_అంతస్తు గారి తల మీద ఉన్నది 5 అంగుళాలు.

మూడో_అంతస్తు
అయితే లోపల థర్మోకోల్ కొట్టించడమే మేలు కదా? అంగుళమే కదా?

తాపీ_పని
ఆగండి. పైన వేయడం వేరు, కింద వేయడం వేరు. పైన వేస్తే స్లాబు అంతగా వేడెక్కదు. కింద వేస్తే స్లాబు ఎప్పటిలాగే కాలుతుంది, మీకు తెలియకుండా కాలుతుంది, అంతే. రోజూ అంత వ్యాకోచించి సంకోచించే స్లాబు పగుళ్లిస్తుంది. ఇంకొకటి, థర్మోకోల్ మంట అంటుకుంటే చాలా వేగంగా కాలుతుంది, పొగ ప్రమాదకరం. ఇంట్లో కరెంటు తీగల పక్కన విడిగా అంటించవద్దు. పైకప్పుకి వాడే గట్టి పలకలు వేరే ఉంటాయి, వాటిని పైన పరిచి, నీరు దిగకుండా పూత వేసి, టైల్సు వేస్తారు. అద్దె ఇంటికి అది మీ జేబులోంచి పెట్టే ఖర్చు కాదు.

గూనపెంకు
మా ఆయన గతేడాది మెరిసే వెండి కాగితం లాంటిది చుట్టలు చుట్టలు తెచ్చి లోపలి కప్పుకి జిగురుతో అంటించారు. వేడి తగ్గలేదు. ఇల్లు మాత్రం మిఠాయి డబ్బాలా తయారైంది. దాని గొడవ ఏమిటి?

చాక్‌పీసు
మెరిసే కాగితం వికిరణాన్ని తిప్పికొడుతుంది. దానికి ఎదుట ఖాళీ ఉండాలి. కప్పుకి అతికిస్తే వేడి ఖాళీలోంచి రావలసిన పనే లేదు, ఆనుకున్న కాగితంలోంచి నేరుగా దిగిపోతుంది. అది అల్యూమినియం, మంచి వాహకం. కాకపోతే మెరుపు వల్ల కిందికి కొంచెం తక్కువ వెదజల్లుతుంది, ఏదో చిల్లర లాభం. ఫ్లాస్కు చూడండి. 1892లో జేమ్స్ డ్యూవార్ చేసిన పని అదే. రెండు గాజు గోడలు, మధ్యలో గాలి కూడా లేకుండా తీసేశాడు, గాజుకి వెండి మెరుపు పెట్టాడు. మూడు దారులకీ మూడు తాళాలు. గూనపెంకు గారి ఇంట్లో ఒక తాళం కొన్నారు, తలుపు లేదు.

గూనపెంకు
ఈ చివరి వాక్యం ఆయనకి చదివి వినిపించాను. రెండు గంటల నుంచి మాట్లాడటం లేదు.

రేకులిల్లు
ఇంతసేపూ స్లాబుల మాటే. సిమెంటు రేకుల కింద ఎవరూ లేరా? మాది ఒకే గది, పైన రేకు, వేలు మందం కూడా లేదు. పది గంటలకి ఎండ పడితే పదిన్నరకి తల మాడుతుంది. మధ్యాహ్నం గదిలో కూర్చోలేం, వేప చెట్టు కిందే వంట. కానీ చీకటి పడ్డాక గంటలో చల్లబడిపోతుంది. రాత్రి మీ మూడో అంతస్తు కన్నా మా రేకుల గది నయం. రేకు మీదికి సొర పాదు ఎక్కించాను. ఆకు పరుచుకున్న వైపు రేకుని లోపలి నుంచి తాకవచ్చు, పరుచుకోని వైపు తాకలేం. రెండూ ఒకే రేకు, మధ్య రెండు మూరల దూరం.

లెక్కతేలాలి
@రేకులిల్లు మీరు చెప్పింది ఇంతవరకూ ఇక్కడ వచ్చినవాటిలో అన్నిటికన్నా విలువైన పరిశీలన. రేకు వేడిని దాచుకోలేదు, స్లాబు దాచుకుంటుంది. ఆపడం, దాచుకోవడం రెండూ వేర్వేరు గుణాలు. సీమమిద్దె గారి గోడ ఆపేది కొంత, దాచుకునేది ఎక్కువ.

రేకులిల్లు
విలువైనదో కాదో గానీ, ఈసారి సొరకాయలు బాగా కాశాయి.

మంచుదేశం
కెనడాలోని ఎడ్మంటన్ నుంచి. ఇక్కడ మా బాధ తిరగేసిన మీ బాధ. చలికాలం మైనస్ 30, వేడిని లోపల కట్టెయ్యాలి. గోడలన్నీ చెక్క, మధ్యలో గాజు దూది నింపుతారు. కప్పు పైన అటక, అందులో అడుగు లోతుకి పైగా విడి దూది లాంటిది ఊది వదులుతారు. గూనపెంకు గారి అమ్మమ్మ ఇంటికీ మా ఇంటికీ కప్పు విషయంలో తేడా లేదు, కొబ్బరికాయలు తప్ప. మొదటి ఏడాది ఒట్టి చేత్తో, అదీ తడి చేత్తో, గేటు ఇనుప గడియ పట్టుకున్నాను. చర్మం అంటుకుపోయింది. పక్కనే చెక్క గేటు, అదే చలి, దాన్ని పట్టుకుంటే ఏమీ కాదు.

ఉక్కపోత
మీ నోట్లోంచి పొగ వస్తే చలి, మా ఇంట్లోంచి పొగ వస్తే పొగే. ఎవరి బాధ వారిది.

మూడో_అంతస్తు
నీళ్ల సంగతి ఎవరూ తేల్చలేదు. ఎదురింటాయన రోజూ సాయంత్రం డాబా అంతా గొట్టంతో తడుపుతాడు.

తాపీ_పని
వద్దు. కాలిన స్లాబు మీద ఒక్కసారిగా చల్లని నీళ్లు పోస్తే పగుళ్లు పెరుగుతాయి, తర్వాత కింద చెమ్మ.

సీమమిద్దె
మా పట్నం ఇంట్లో పదేళ్లుగా పోస్తున్నాం, ఏ పగులూ రాలేదు.

తాపీ_పని
పదకొండో ఏడు ఫోను చేయండి.

లెక్కతేలాలి
నీళ్ల బలం తక్కువేమీ కాదు, పోసే పద్ధతిలోనే తప్పంతా. ఒక లీటరు పూర్తిగా ఆవిరైతే, కరెంటు మీటరు లెక్కలో 0.67 యూనిట్ల వేడి పట్టుకుపోతుంది. 10 లీటర్లు ఆవిరైతే, ఒకటిన్నర టన్ను ఏసీ గంటా పావు పాటు లాగే వేడితో సమానం. కానీ ఎదురింటాయన పోసేది ఆవిరవుతోందా, తూము గొట్టంలోంచి వీధిలోకి పోతోందా? చాలావరకు వీధికే. గోనెసంచులు పరిచి, చెంబెడు చెంబెడు తడిపితే నీరు నిలిచి ఆవిరవుతుంది. మట్టి కుండ చేసే పని అదే, చెమటలా మెల్లగా బయటికి వచ్చి ఆరుతుంది.

మసిగుడ్డ
గోనెసంచుల్లో దోమలు చేరవా?

లెక్కతేలాలి
రోజూ ఆరితే చేరవు. మరిచిపోయి వదిలేస్తే సీమమిద్దె వాళ్ల నాయన దుప్పటి కావాలి.

చాక్‌పీసు
ఇంతసేపు అందరం ఒక మాట దాటేశాం. ప్రశ్న మళ్లీ చదవండి. మూడో_అంతస్తు గారు సాయంత్రం ఆరింటికి పరవాలేదంటున్నారు, రాత్రి పది దాటాక కాలుతోందంటున్నారు. 5 అంగుళాల కాంక్రీటులోంచి వేడి అల దాటడానికి దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. డాబా మీద గరిష్ఠం ఒంటి గంటకో రెండింటికో. అంటే కప్పు లోపలి వైపు గరిష్ఠం సాయంత్రం నాలుగున్నర, ఐదున్నర మధ్య. ఆ తర్వాత దిగుతూ ఉండాలి. మరి 11 గంటలకి పెరగడం ఏమిటి? దొంగ వేరే ఉన్నాడు. అమ్మగారి గదికి పడమటి గోడ ఉందా?

మూడో_అంతస్తు
ఉంది. ఆవిడ మంచం దానికి ఆనుకునే ఉంది.

చాక్‌పీసు
బయట నీడ? చెట్టు, పక్క ఇల్లు, ఏదైనా?

మూడో_అంతస్తు
ఏమీ లేదు. పక్క స్థలం ఖాళీ. సాయంత్రం దాకా ఎండ సూటిగా కొడుతుంది.

చాక్‌పీసు
9 అంగుళాల ఇటుక గోడ అయితే వేడి అల దాటడానికి ఏడెనిమిది గంటలు. పడమటి గోడకి ఎండ గట్టిగా తగిలేది నాలుగింటికి. నాలుగుకి ఏడున్నర కలపండి.

మసిగుడ్డ
పదకొండున్నర!!

ఉక్కపోత
మాస్టారు ముప్పై మూడేళ్లు పిల్లల్ని ఇలాగే భయపెట్టి ఉంటారు.

తాపీ_పని
ఇది ఒప్పుకుంటాను. నేను పైకప్పే అన్నాను, గడియారం చూడలేదు. కానీ స్లాబు నిర్దోషి అని మాత్రం అనకండి, దాని కింద నిలబడి చూడండి.

మూడో_అంతస్తు
ఇప్పుడే వెళ్లి గోడలన్నీ తాకి వచ్చాను. పడమటి గోడ వేడిగా ఉంది, తూర్పు గోడ మామూలుగా ఉంది. కానీ అమ్మ గదిలో ఇనుప బీరువా అన్నిటికన్నా వేడిగా అనిపించింది, దాని పక్కన చెక్క తలుపు చల్లగా ఉంది. బీరువా కూడా తీసేయాలా?

చాక్‌పీసు
బీరువాని వదిలేయండి. అరచేయి థర్మామీటరు కాదు, అది మనకి చెప్పేది వేడి ఎంత వేగంగా చేతిలోకి వస్తోంది, చేతిలోంచి పోతోంది అన్నది. ఇనుము ఆ పని వేగంగా చేస్తుంది, చెక్క మెల్లగా చేస్తుంది. రెండిటి ఉష్ణోగ్రతా దాదాపు ఒకటే అయి ఉంటుంది. శీతకాలం పొద్దున అదే బీరువా మీకు చల్లగా, అదే తలుపు వెచ్చగా తగులుతుంది. మంచుదేశం గారి గడియ కథ ఇదే. గుళ్లో నాపరాళ్ల మీద మధ్యాహ్నం గెంతుకుంటూ పరుగెడతాం, పక్కన కొబ్బరి పీచు పట్టా పరిస్తే దాని మీద నిలబడతాం. తిరుమల మాడ వీధుల్లో వేసవిలో తెల్ల పూత వేస్తారు చూశారా, అది మరో పద్ధతి. పట్టా వేడిని కాలికి మెల్లగా ఇస్తుంది, పూత రాయిని వేడెక్కనివ్వదు.

తెల్లరంగు
ఇది నేను అన్నప్పుడు ఎవరూ వినలేదు.

గూనపెంకు
మీరు అన్నది 15 డిగ్రీల గురించి.

మూడో_అంతస్తు
కరోనా రోజుల్లో కొన్న తుపాకీ లాంటి థర్మామీటరు ఉంది, నుదుటికి చూపించేది. దాని మీద వస్తువుల వేడి చూసే మీట కూడా ఉంది, ఇన్నాళ్లూ ఎందుకో తెలియదు. దానితో చూస్తాను.

చాక్‌పీసు
చాలా మంచి ఆలోచన. గోడలకి, కప్పుకి చూపించండి. మెరిసే స్టీలు బిందెకి మాత్రం చూపించవద్దు, అద్దంలా ఎదుటి వస్తువుల వేడినే చూపించి తప్పు చెబుతుంది.

మూడో_అంతస్తు
రాత్రి 11.15. పడమటి గోడ 39.4. కప్పు 36.8. తూర్పు గోడ 34.1. నేల 33.9. బీరువా 35, చెక్క తలుపు 34.8. మాస్టారూ, బీరువా విషయంలో క్షమించాలి.

లెక్కతేలాలి
చర్మం 34 దగ్గర ఉంటుంది. 39 గోడ పక్కన పడుకుంటే ఆ గోడ రాత్రంతా ఒంటికి వేడి పంపుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వికిరణాన్ని ఆపలేదు. ముందు మంచం ఈ రాత్రే అటు జరపండి. ఖర్చు సున్నా.

మూడో_అంతస్తు
జరిపాను. అమ్మ, "దిక్కు మారితే నిద్ర పట్టదు" అంది. తల దక్షిణానికే ఉండేట్టు జరిపాను.

తాపీ_పని
గోడకి బయటి వైపు నీడ వేయండి. ఎండ ఇటుకని తాకాక చేసే పనులన్నీ ఖర్చు. తాకకముందు ఆపితే చవక. తాటాకు తడికెలో, వెదురు తడికెలో, నర్సరీల్లో వాడే పచ్చ వలో తెచ్చి డాబా పిట్టగోడ నుంచి కిందికి వేలాడదీయండి. ఒక్కటి గుర్తుంచుకోండి, గోడకి ఆనించవద్దు. జానెడు ఖాళీ ఉంటే తడికె వేడెక్కినా ఆ వేడి మధ్యలోని గాలితో పైకి ఎగిరిపోతుంది. గాలివానకి ఎగరకుండా కింద కూడా తాడుతో కట్టండి, పక్కింటి మీద పడితే మళ్లీ ఇంకో చర్చ పెట్టాలి.

సీమమిద్దె
ఇందాక కదలని గాలి మంచిదన్నారు, ఇప్పుడు కదిలే గాలి కావాలంటున్నారు.

చాక్‌పీసు
రెండూ నిజమే. దుప్పటిలో గాలి కదలకూడదు, ఎందుకంటే అక్కడ వేడిని ఒకచోట ఆపాలి. తడికె వెనక గాలి కదలాలి, ఎందుకంటే అక్కడ వేడిని బయటికి తరిమేయాలి. మంచి ప్రశ్న అడిగారు, ఇంటిపని రెట్టింపు.

మంచుదేశం
మా అమ్మాయి పక్కనుంచి అడుగుతోంది: ఐసుగడ్డకి గొంగళి కప్పితే కరుగుతుందా, ఆగుతుందా? వాళ్ల నాన్న కరుగుతుందని పందెం కాశాడు.

గూనపెంకు
ఆగుతుంది. మా ఊళ్లో పెళ్లిళ్లకి ఐసు దిమ్మలు రంపపు పొట్టులో, ఊకలో కప్పే తెచ్చేవారు. గొంగళికి వేడి పుట్టించడం రాదు, ఏది ఎటున్నదో అటే ఉంచుతుంది.

మంచుదేశం
పందెం ఐస్‌క్రీము. ఎవరు కొనాలో తెలిసింది.

తెల్లరంగు
నేనొక మాట. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది, 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకి తప్పనిసరి చేసింది. ఊరికే తెచ్చి ఉంటారా? మామూలు గచ్చు తన మీద పడిన ఎండలో మూడో వంతు తిప్పికొడితే తెల్లనిది ముప్పాతిక దాకా తిప్పికొడుతుంది.

లెక్కతేలాలి
ఈ అంకెలు సరైనవే. మీరు మొదటే ఇలా రాసి ఉంటే నేను మీ తరఫున వాదించేవాణ్ణి. ఒక్కటి కలపండి: దుమ్ము పడితే ఆ ముప్పాతిక తగ్గిపోతుంది, అప్పుడప్పుడూ కడగాలి.

తాపీ_పని
అద్దె ఇల్లు కాబట్టి పూత కొనక్కర్లేదు. సున్నం చాలు, కొంచెం బంక కలిపి రెండు పూతలు. ఒక వానాకాలానికి పోతుంది, పోనీండి. వచ్చే ఏడు మీరు అక్కడ ఉంటారో లేదో.

తెల్లరంగు
సున్నం మా దుకాణంలో కూడా ఉంది.

మూడో_అంతస్తు
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. ఉయ్యూరు వైపు నుంచి తాటాకు తడికెలు ఆరు తెప్పించాను. యజమాని గారు "ఇల్లు పాకలా కనిపిస్తుంది" అని మొదట ఒప్పుకోలేదు. ఆయన గది కూడా కింద అదే పడమటి గోడకే ఉంది. ఆ గోడకి తుపాకీ పెట్టి అంకె చూపించాను. చాలాసేపు దాన్నే చూసి, తన వాటా గోడకి కూడా రెండు తడికెలు వేయించమన్నారు. కట్టింది బుధవారం. నిన్న రాత్రి 11.15కి పడమటి గోడ 35.7. పగటి ఎండ దాదాపు అంతే, బయట 42. కప్పు మాత్రం 36.5, అక్కడే ఉంది. అమ్మ మంచం మళ్లీ పాత చోటికి జరిపించింది, కిటికీ గాలి అక్కడికే వస్తుందట.

తాపీ_పని
నేను చెప్పలేదా, స్లాబు నిర్దోషి కాదని.

రేకులిల్లు
తడికెల మీదికి దొండ పాదు ఎక్కించండి. కూర కూడా దొరుకుతుంది.

ఉక్కపోత
కూర, నీడ, యజమానితో సఖ్యత. వచ్చే నెల అద్దె పెంచుతారు, చూసుకోండి.

మూడో_అంతస్తు
ఆదివారం పొద్దున్నే డాబాకి సున్నం. @తెల్లరంగు గారూ, బస్తా ఎంత? 15 డిగ్రీల మాట ఎత్తకుండా చెప్పండి.